షెడ్డోళ్ల స్కాలర్షిప్పు

ఒక్క స్కాలర్షిప్పు కోసం పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకుంటరు. నాకేమో ఒకే నెలల రెండు వచ్చినయ్. రెండు వచ్చినందుకే ఒక్కటి కూడ దక్కకుండ పోయే గతి పట్టింది. ఈ ముచ్చట ఎవరికన్న చెప్తే ముందు నవ్వుతరు. నేను గూడ నవ్వుకుంటనే మొదలుపెడ్త, సగానికి వచ్చేసరికి నోరు చేదయితది, మాట మార్చేస్త. అందుకే ఇన్నేండ్లల్ల ఎవరికీ పూర్తిగ చెప్పలే.

అరవైల చివరి సంగతి. మాది లాలాగూడ, రైల్వే క్వార్టర్స్. మా నాయిన వర్క్‌షాపుల ఫిట్టర్, బోగీలు మరమ్మతు చేసే షెడ్డుల పని. నేను యూనివర్సిటీల ఎమ్మెస్సీ, కెమిస్ట్రీ. పొద్దుగాల సైరన్ మోగంగనే నాయిన అటు, నేను ఇటు. తార్నాక దాక నడక, ఆడికెళ్లి క్యాంపస్ లోపలికి ఇంకో నడక. అప్పుడు తార్నాకల ఇన్ని ఇండ్లు యాడియి? చెట్లు, నాలుగు దుకాండ్లు, మూల మీద ఒక ఇరానీ హోటల్, అంతే. మా క్వార్టర్ల లైనుల పెద్ద చదువుకు పోయిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ సంగతి నన్ను ఎవ్వరూ మర్చిపోనియ్యలే. నల్లా కాడ లైన్ల నిలబడితే, "జరగుండ్రమ్మా, ఎమ్మెస్సీ బిందె వచ్చింది" అని ఏడిపిస్తుండ్రి. పైకి కోపం చేసేదాన్ని గని లోపల మస్తు ఖుషీగ ఉండేది.

మొదటి ఏడు పరీక్షలు అయిపోయినంక నాయిన సైకిల్ మీదికెళ్లి పడ్డడు. కుడి మోచెయ్యి విరిగింది. రైల్వే దవాఖానల కట్టు కట్టిండ్రు, ఎముక వంకరగ అతికింది, మళ్ల కోసి సరిచేసిండ్రు, ఆ కోసిన పుండు మానలే. ఫిట్టర్‌కు కుడిచెయ్యి లేకుంటే ఇంకేమున్నది? డ్యూటీల తగిలిన దెబ్బ కాదాయె, ఉన్న లీవంత అయిపోయినంక జీతం ఆగింది. రెండో ఏడు ఫీజు, ల్యాబ్ ఫీజు కట్టే దినాలు దగ్గరికొస్తున్నయ్. అమ్మ ఒకరోజు బియ్యం చెరుగుకుంట, నా ముఖం చూడకుండనే, "టైపు నేర్చుకున్న పిల్లలకు నౌకరీలు జల్ది దొరుకుతయంట గదా" అన్నది. చదువు బందు పెట్టుమని చెప్పడానికి ఆమెకు నోరు రాలే. నాకు సమజయింది.

డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద సర్కారు లోన్ స్కాలర్షిప్పు కాయిదం చూసింది ఆ వారంలనే. పేరుకే అది స్కాలర్షిప్పు, అసలుకు అప్పు. చదువైపోయి నౌకరి దొరికినంక నెలనెల తిరిగి కట్టాలె. ఏడాది మొత్తం ఫీజులకు, పుస్తకాలకు, ఇంట్ల కొంత ఇయ్యడానికి గూడ అది సరిపోతది. ఫారం చివర ఒక మాట ఉండె: నాకు ఇంకే స్కాలర్షిప్పు గని, బయటి సాయం గని లేదు, ఉన్నట్టు తేలితే ఈ లోన్ రద్దు. లేదు గనుకనే లేదని సంతకం పెట్టిన.

నాయిన ఫారం మీద ఎడమచేత్తోని వంకరటింకర గీత గీసి, ఒక్క షరతు పెట్టిండు. "అప్పు తీసుకుంటున్నవని షెడ్డుకు తెల్వద్దు బిడ్డా." ఎందుకంటే, జీతం రోజు వర్క్‌షాపు గేటు బయట వడ్డీలోళ్లు కాపు కాసేటోళ్లు. వాళ్ల చేతుల చిక్కిన ప్రతి ఒక్కన్ని నాయిన ఇరవై ఏండ్ల సంది తిట్టుకుంట వచ్చిండు. "బర్కత్ లేనోళ్లురా మీరు, అప్పు జేసి దావతులు జేస్తరు" అని నలుగురిల అనేటోడు. ఇప్పుడు తన బిడ్డ సర్కారు దగ్గర అప్పు తీసుకుంటున్నదంటే ఏ ముఖం పెట్టుకొని పోతడు? సరే అన్న. ఇజ్జత్ ఆయనది, చదువు నాది, రెండూ నిలవాలె అనుకున్న.

ఇగ షెడ్డు సంగతి. అక్కడ ఒక పద్ధతి ఉండె. ఎవనికన్న ఆపద వస్తే, జీతం రోజు గేటు లోపల ఒక రుమాలు పరుస్తరు. పోయేటోడు పోయేటోడు తోచింది ఏసి పోతడు. ఎవరెంత ఏసిండ్రో చూడొద్దు, అడగొద్దు. నాయిన కోసం గూడ పరిచిండ్రు. ఆ మూట పట్టుకొని పెద్ద మిస్త్రీ మా ఇంటికొస్తే, నాయిన ముట్టుకోలే. "నేనింక సావలే గదా అన్నా. అది ముండమోసినోళ్లకు, దిక్కులేనోళ్లకు" అని మంచంల అటు తిరిగి పండుకున్నడు.

ఈ పెద్ద మిస్త్రీ గురించి చెప్పాలె. షెడ్డుల పనోళ్లందరికి పెద్ద. నాయిన కంటే పదేండ్లు పెద్దోడు, రెండు క్వార్టర్ల అవతల ఉండేటోడు. రక్తసంబంధం ఏం లేదు గని నేను మాటలొచ్చినప్పటి సంది ఆయనను పెద్దనాయనా అనే పిలిచిన. నాయినకు దెబ్బ తగిలినప్పటి నుంచి రోజూ పొద్దుగూకంగ వచ్చి పుండు కడిగి కట్టు మార్చి పోయేటోడు. నాలుగో తరగతి చదివిండు గని రూల్సు మాత్రం నోటికొచ్చు. రైల్వేల ఏ పనికైన త్రూ ప్రాపర్ ఛానల్ పోవాలె, మూడు కాపీలు ఉండాలె, ఒక కాపీ మన దగ్గర ఉండాలె అనేది ఆయన మతం.

నాయిన మూట వద్దన్నంక ఆయన రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం తీసిండట. తండ్రికిస్తే తీసుకుంటలేడు, బిడ్డ చదువుకు స్కాలర్షిప్పు అంటే ఎట్ల కాదంటడు? అది దానం కాదు, మర్యాద! ఆ పైసలు తెచ్చి మా అమ్మ చేతుల పెడితే అయిపోయేది. భూమ్మీద ఎవనికీ తెల్వకపోయేది. కాని ఆయన రైల్వే మనిషాయె. షెడ్డు గుమస్తాతోని ఇంగ్లీషుల లెటర్ టైపు కొట్టించిండు. ఫలానా ఫిట్టర్ కూతురికి ఫలానా షెడ్డు కార్మికులు ఈ ఏడాది స్కాలర్షిప్పు మంజూరు చేస్తున్నరు. ఫోర్‌మన్ ముద్ర. ఒక కాపీ యూనివర్సిటీకి, పైసలు గూడ అక్కడికే మనియార్డర్. ఒక కాపీ షెడ్డు నోటీసు బోర్డుకు. ఒక కాపీ మాకు.

మా కాపీ ఆయనే తెచ్చిండు. ఉతికిన అంగీ ఏసుకొని వచ్చి, నిలబడి, నాతోని చదివిచ్చిండు. ఒక్కొక్క మాటకు తెలుగుల అర్థం చెప్పిచ్చుకున్నడు, ఆయనకు తెల్వదా ఏంది? వినాలని. నాయిన ఏడ్చిండు. అమ్మ అందరికి చాయ్ పెట్టింది. నేను గూడ ఆ కాయిదాన్ని నా పుస్తకంల పెట్టుకొని రెండు రోజులు తిరిగిన. కెమిస్ట్రీల అంత తెలివి ఉన్నదాన్ని, ఫారం చివర నేనేం సంతకం పెట్టిన్నో ఒక్క క్షణం గూడ యాదికి రాలే చూడుండ్రి!

వారం తిరగకముందే స్కాలర్షిప్పు సెక్షన్ నుంచి పిలుపు. అక్కడి క్లర్కు బౌద్ధనగర్ నుంచి సైకిల్ మీద వచ్చే నడీడు మనిషి, మెత్తగ మాట్లాడుతడు. నా ఫైలు తీసి, నా ఫారం ఒక పక్క, షెడ్డు లెటర్ ఒక పక్క పెట్టిండు.

"ఏందమ్మా ఇది? వేరే ఏం లేదని రాసిచ్చినవ్. ఇదేంది మరి?"

చెప్పిన. మొత్తం చెప్పిన. ఆయన విన్నడు, కళ్లద్దాలు తుడుచుకున్నడు.

"నీ మీద నాకు అనుమానం లేదు తల్లీ. కాని ఫైలు నేనొక్కన్నే చూడను గదా. లోన్ లిస్టుల నీ పేరున్నది. బయటి స్కాలర్షిప్పు ఉన్నోళ్లకు లోన్ లేదు. ఇదన్న ఉండాలె, అదన్న ఉండాలె. నాలుగు రోజులల్ల లిస్టు పైకి పోతది."

షెడ్డు పైసలు ఫీజుల సగానికి గూడ రావు. లోన్ పోతే చదువు పోయినట్టే. అడిగిన, అది తీసుకొని మిగిలినంత లోన్ ఇయ్యరాదా సార్ అని. రూల్ లేదన్నడు. వాళ్లే వాపస్ తీసుకుంటే? "తీసుకోవచ్చు. మళ్ల లెటర్ రాయాలె, కారణం చూపాలె, వాళ్ల ఆఫీసరు ముద్ర పడాలె. నాలుగు రోజులల్ల అయితదా? నువ్వే వద్దని రాసిస్తే ఇప్పుడే అయిపోతది."

నేను రాసిచ్చిన. ఆయన చెప్తుంటే ఇంగ్లీషుల రెండే రెండు లైన్లు. మీరు మంజూరు చేసిన స్కాలర్షిప్పు నాకు అవసరం లేదు, కాబట్టి స్వీకరించుట లేదు. కింద సంతకం. "ఒక కాపీ వాళ్లకు పంపుతం" అన్నడు. తలకాయ ఊపిన. సర్కారు టపా గదా, వారం పడ్తది, ఈలోపల నేనే పోయి పెద్దనాయనకు చెప్పుకుంట అనుకున్న.

ఆ సాయంత్రం ఆయన ఎప్పటి లెక్కనే వచ్చిండు. వేడినీళ్లల్ల దూది ముంచి నాయిన పుండు కడుగుకుంట, షెడ్డుల ఎవరెవరు ఏమన్నరో చెప్తుండు. బోర్డు మీద నా పేరు చూసి బరువులు మోసే ఒక ఖలాసీ తన బిడ్డను తీసుకొచ్చి చూపించిండట. "నీకు చదువు రాకున్న పేరన్న చదువు" అన్నడట. చెప్పి చెప్పి నవ్వుతుండు. ఆ నవ్వు ముఖం మీద నేనెట్ల చెప్పను? రేపు చెప్త అనుకున్న. రెండో సాయంత్రం తలుపు దాక ఎంట పోయిన. "ఏంది బిడ్డా?" అన్నడు. "ఏం లేదు పెద్దనాయనా, పైలం, చీకటున్నది" అన్న. నా పిరికితనాన్ని ఇప్పటికీ తిట్టుకుంట. మనిషి ముందట నిలబడి ఒక్క మాట చెప్పడానికి ప్రాణం పోతదా?

మూడో రోజు సాయంత్రం ఆయన రాలే. అమ్మ నీళ్లు కాగబెట్టింది, అవి చల్లారినయ్. నేను బిందె తీసుకొని నల్లా కాడికి పోయిన. అక్కడ ఎప్పుడూ నన్ను ఏడిపించే ఆమె, ఆమె మొగడు గూడ అదే షెడ్డు, నా ముఖం చూసి నవ్వలే. "మా పైసలు మీకు అవసరం లేదంట గదమ్మా. మంచిది. ముందే చెప్తే మా పిల్లలకు అంగీలు గుట్టిస్తుంటిమి" అన్నది. బిందె నిండి పొర్లిపోతున్నది.

ఏమయిందంటే, లిస్టు తొందరుండి ఆ క్లర్కు మంచితనానికి పోయి కాపీని టపాల ఎయ్యకుండ ప్యూను చేతికిచ్చి పంపిండు. నాకు మేలు చేద్దామనే. అది వర్క్‌షాపు ఆఫీసుకు పోయింది, ఫోర్‌మన్ దగ్గరికి పోయింది, పగటీలి అన్నం డబ్బాలు విప్పుకునే యాళ్లకు గుమస్తా దాన్ని షెడ్డుల నిలబడి చదివి, తెలుగుల చెప్పిండు. అవసరం లేదు, స్వీకరించుట లేదు. చదివి, పద్ధతి ప్రకారం, మొదటి లెటర్ పక్కన్నే బోర్డుకు గుచ్చిండు. లోన్ సంగతి వాళ్లల్ల ఒక్కరికి గూడ తెల్వదు. వాళ్లకు తెలిసిందల్ల ఒక్కటే, ఫిట్టర్ బిడ్డకు వాళ్ల సొమ్ము కంటికి ఆనలేదని.

ఇంటికొచ్చి నాయినకు చెప్పిన. తిడతడనుకున్న, తిడితే బాగుండు అనుకున్న. ఆయన కట్టు దిక్కు చూసుకున్నడు. "చెప్పొద్దన్నది నేను. తప్పు నాదే" అని లేచి, చెప్పులేసుకొని, కట్టు చేత్తోనే పెద్ద మిస్త్రీ ఇంటికి పోయిండు. గంటకు వచ్చిండు.

"ఏమన్నడు?" అని అడిగింది అమ్మ.

"చాయ్ పోసిండు. లోన్ సంగతి చెప్పిన. మంచిదే అన్నడు."

"ఇంకేమన్లేదా?"

"ఇంకేమంటడు?"

మర్నాటి నుంచి కట్టు మార్చడానికి పెద్దనాయన మళ్ల వచ్చిండు. పుండు కడిగేటోడు, వానల గురించి మాట్లాడేటోడు. షెడ్డు ముచ్చట మాత్రం తేలే. మనియార్డర్ వాపస్ వస్తే ఎవ్వరూ తమ వంతు తీసుకోలేదని, అది ఏ ముసలామెకో ఇచ్చిండ్రని తర్వాత తెలిసింది. లోన్ సంగతి ఆయన ఒక్కొక్కరికి చెప్పుకుంట పోయిండో లేదో నాకు తెల్వదు. చెప్పినా, బోర్డు మీది కాయిదం నెల చివరి దాక తియ్యొద్దు, రూల్. రూల్ తప్పేటోడా ఆయన?

నా పేరు లిస్టుల పాసయింది. పాసయినంక ఇంకొక కాయిదం వచ్చింది, బాండు. తండ్రి కాక, పర్మనెంటు సర్కారు నౌకరి ఉన్న ఒకాయన జామీను ఉండాలె. నేను కట్టకపోతే ఆయన జీతంల నుంచి కోస్తరు. మాకు తెలిసిన పర్మనెంటు నౌకరిదార్లు ఎవరుంటరు? అందరూ షెడ్డోళ్లే. వద్దని రాసిన చేత్తోనే మళ్ల వాళ్లను అడగాలె. నాయిన తను పోతనన్నడు. నేను వద్దన్న. ఈసారి నేనే పోయిన. పెద్దనాయన గుమ్మంల నిలబడి, తల దించుకొని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పిన. "ఏ దినం రావాలె?" అన్నడు, అంతే.

సగం రోజు సెలవు పెట్టి వచ్చిండు. ఉతికిన అంగీ, తలకు రుమాలు, జేబుల రైల్వే పాస్ బుక్కు, జీతం కాయిదం, మూడు మూడు కాపీలు. క్లర్కు చూసి మెచ్చుకున్నడు, అందరూ ఇట్ల తెస్తే నా పని ఎంత అల్కగ అయితుండె అని. బాండుల ఒక గడి ఉండె, విద్యార్థికి జామీనుదారు ఏమైతడు అని. క్లర్కు తల ఎత్తకుండనే అడిగిండు. నేను జల్ది, "మా పెద్దనాయన" అన్న.

"కాదు సార్" అన్నడు ఆయన. "తప్పు రాయొద్దు. చుట్టరికం ఏం లేదు. ఆమె నాయిన పనిచేసే షెడ్డుల మిస్త్రీని నేను. గంతే రాయుండ్రి."

క్లర్కు అట్లనే రాసిండు. ఆయన కలం తీసుకొని, నాలిక పంటి కింద పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం దిద్ది మూడు కాపీల మీద సంతకం పెట్టిండు. రూల్ కోసం అన్నడా, మనసు విరిగి అన్నడా? ఆ మాట నా గుండెల ఎక్కడ గుచ్చుకుందో అక్కడనే ఉన్నది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన సైకిల్ నడిపించుకుంట వచ్చిండు, నేను పక్కన. తార్నాక దాక వచ్చినం. ఇరానీ హోటల్ కాడ ఆగి, ఆడపిల్లను లోపలికి ఎట్ల తీస్కపోవాలె అనుకున్నడో ఏమో, రెండు కప్పులు బయటికే తెచ్చిండు. చెట్టు కింద నిలబడి తాగినం. కప్పు ఖాళీ చేసి, మూతి తుడుచుకొని, అప్పుడన్నడు.

"వద్దన్నవ్, మంచి పని చేసినవ్. నీ చదువు నిలవాలె. కాని కాయిదం కంటె ముందు నువ్వు రావాలె బిడ్డా. అందరి ముందట గుమస్తా చదువుతుంటే, నా డబ్బల అన్నం అట్లనే ఉండె. తినలేకపోయిన."

తప్పయింది పెద్దనాయనా అనాలె. ఆ పిలుపు వాడే హక్కు ఇంక నాకు ఉన్నదో లేదో తెల్వక నోరు పెగల్లే. ఆయన కప్పులు లోపల ఇచ్చి వచ్చి, "పా, సైరన్ టైమయితున్నది" అని సైకిలెక్కిండు.

నేను ఎమ్మెస్సీ పాసయిన, లెక్చరర్నయిన, లోన్ ఆఖరి కిస్తు దాక కట్టిన. ఆయన మీదికి ఒక్క నోటీసు గూడ పోనియ్యలే. ఆయన రిటైరయి ఊరికి పోయిండు, పోయిన మూడేండ్లకు కాలం చేసిండు. ఆ కబురు నాకు కార్డు ముక్క మీద అందింది, మట్టి అయిపోయిన పన్నెండు రోజులకు. ఆ కార్డు చేతుల పట్టుకొని, ఇంట్ల ఎవ్వరూ లేరని చూసుకొని, గట్టిగనే అన్న, తప్పయింది పెద్దనాయనా అని.